పికప్ వెనుక చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయా? కమాన్లు చూసుకోండి

పంటను మార్కెట్‌కు చేర్చడానికి రైతులు ఎక్కువగా వాడే బొలెరో పికప్, టాటా ఏస్ వంటి బండ్లలో వెనుక బరువంతా మోసేది కమాన్ కట్టలే. తడి బాటలో లోడు బండిని ఒక్కసారిగా లాగించినప్పుడు వెనుక చక్రాలు దడదడమని ఎగిరి పడటం మీరు గమనించే ఉంటారు. బురదలో ఇది మామూలేనని వదిలేయకూడదు.

చక్రం ముందుకు తిరిగేటప్పుడు ఇరుసు హౌసింగ్ దానికి ఎదురు దిశలో మెలి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది కమాన్లే. బలం ఎక్కువైతే అవి పాములా వంకర తిరుగుతాయి. టైరు జారగానే మెలిక విడిపోతుంది, నేలను పట్టగానే మళ్లీ పడుతుంది. వెంటవెంటనే ఇలా జరుగుతుంటే ఆ దెబ్బలన్నీ యూ బోల్టులు, జాయింట్ రాడ్ క్రాస్‌లు, క్రౌన్ పళ్ల మీద పడతాయి. సెంటర్ బోల్టు తెగితే ఇరుసు జరిగిపోయి, రోడ్డు మీద లోడు బండి అదుపు తప్పే ప్రమాదం ఉంది.

దడ మొదలవగానే యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకాస్త తొక్కితే ఎక్కేస్తుందనుకుంటేనే బండి షెడ్డుకు చేరుతుంది. టైర్ల ముందు బురద తీసి, గోనె సంచులు పరిచి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ కదిలించాలి.

యూ బోల్టు నట్టు మీద నుంచి ప్లేటు మీదకు పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. తర్వాత ఎప్పుడు చూసినా గీత కలవకపోతే నట్టు వదులైనట్టే. ప్లేటు అంచుల్లో తుప్పు పొడి రాలుతున్నా అనుమానించాలి. కమాన్లు మార్పిస్తే పాత యూ బోల్టులు మళ్లీ వేయనివ్వకండి. కొత్తవి కూడా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. విరిగిన పట్టీలు, అరిగిన బుష్‌లు, ఆయిల్ కారే షాక్‌లు మార్పించండి. పట్టీలను కలిపి పట్టే క్లిప్పులు ఊడితే, ముఖ్యంగా ముందువైపువి, వెంటనే వేయించాలి.

ఎత్తు కోసం ఇరుసుకు, కమానుకు మధ్య దిమ్మలు పెట్టించవద్దు. గునపం పొడవైనకొద్దీ పెకలించడం తేలికైనట్టు, దిమ్మ ఎత్తు పెరిగేకొద్దీ కమాన్ మెలి తిరగడం తేలికవుతుంది. అదనపు పట్టీ వేయిస్తే మెలిక తగ్గుతుంది గానీ, బండి మోయాల్సిన బరువు పరిమితి మాత్రం పెరగదు.

అమెరికాలో 1960ల నాటి కమాన్ల కార్లతో పందేలాడేవారు ఇరుసు మెలి తిరగకుండా అడ్డు కడ్డీలు బిగించేవారు. సరకు బండికి ఊళ్లో వెల్డింగ్‌తో అలాంటివి పెట్టిస్తే కమాన్ ఆడక పట్టీలే విరుగుతాయి. ఇవన్నీ చేయించినా దడ తగ్గకపోతే జాయింట్ రాడ్ క్రాస్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు చూపించుకోండి.