ఎడమచేతి వాటం: పుట్టుకా, అలవాటా?

పలక మీద మొదటి గీత ఎడమచేత్తో గీసిన బిడ్డ చేతిలోంచి బలపం తీసి కుడిచేతిలో పెట్టేవారు మన ఇళ్ళలో ఈనాటికీ ఉన్నారు. తరచుగా ఆ పని చేసేది వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారో, తాతగారో అయి ఉంటారు. వారి దృష్టిలో అది దిద్దుబాటు. ఇక్కడి బడిలో పంతులమ్మ దృష్టిలో అది అనవసరమైన జోక్యం. ఇద్దరూ బిడ్డ మేలు కోరేవారే. తల్లిదండ్రులకు మాత్రం ఎటూ పాలుపోదు. ఈ విషయంలో విజ్ఞానశాస్త్రం ఇంతవరకు ఏమి తేల్చిందో చూద్దాం.

ఎడమచేతి మీద ఉన్న చిన్నచూపు మన ఒక్కరిదే కాదు. లాటిన్ భాషలో ఎడమను సూచించే 'సినిస్టర్' అన్న మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి అమంగళం, కుట్ర అనే అర్థాలను సంతరించుకున్నది. ఫ్రెంచి వారి 'గోష్' అంటే ఎడమ, మొరటు కూడా. మనకు కుడివైపును సూచించే 'దక్షిణ' శబ్దానికీ, నేర్పును తెలిపే 'దక్షత'కూ మూలం ఒకటే. ఇక పుర్రచెయ్యి, రొడ్డచెయ్యి వంటి పలుకుబడుల్లో గౌరవం ఎంత ఉన్నదో చెప్పనక్కరలేదు. ఇందులో ఒక వింత ఉన్నది. సంస్కృతంలో 'సవ్య' శబ్దానికి మొదటి అర్థం ఎడమ. అర్జునుడు సవ్యసాచి అయింది ఎడమచేత్తో కూడా బాణాలు వేయగలిగినందువల్లనే. జందెం ఎడమ భుజం మీద ఉండటం సవ్యం, కుడి భుజం మీదికి మారితే అపసవ్యం. ఆ వాడుక నుంచే కాబోలు, 'సవ్యంగా' అంటే 'సరిగా' అనే అర్థం తెలుగులో స్థిరపడింది. పెళ్ళి సవ్యంగా జరిగిందని మనం సంతోషించినప్పుడల్లా ఎడమ వైపునే మెచ్చుకుంటున్నామన్న మాట!

ప్రపంచంలో ఎడమచేతి వాటం వారు ఎందరు? అనేక దేశాలలో జరిగిన పరిశోధనలను గుదిగుచ్చి, 20 లక్షలకు పైబడిన వ్యక్తుల వివరాలను క్రోడీకరించిన ఒక సమీక్ష 2020లో వెలువడింది. దాని ప్రకారం వీరు సుమారు 10.6 శాతం. ఆడపిల్లలలో కంటే మగపిల్లలలో ఈ వాటం కొంచెం ఎక్కువ. ఏ దేశంలోనూ, ఏ జాతిలోనూ ఎడమచేతి వారు అధికసంఖ్యాకులుగా ఉన్న దాఖలా లేదు.

ఈ మొగ్గు ఎప్పుడు మొదలవుతుంది? బలపం పట్టినప్పుడు కాదు, పుట్టినప్పుడూ కాదు, తల్లి కడుపులోనే. ఉత్తర ఐర్లండులోని బెల్ఫాస్ట్ నగరంలో పీటర్ హెపర్ అనే శాస్త్రవేత్త అల్ట్రాసౌండ్ సాయంతో గర్భస్థ శిశువులను పరిశీలించి, బొటనవేలు చీకే శిశువులలో 90 శాతానికి పైగా కుడి వేలినే చీకుతున్నట్టు 1991లో ప్రకటించాడు. అలా చూసిన పిల్లలలో 75 మందిని, వారికి పది పన్నెండేళ్ళు వచ్చిన తరువాత, మళ్ళీ పరీక్షించారు. గర్భంలో కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతి వాటం వారే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతి వారయ్యారు. మిగిలిన అయిదుగురు కుడికి మారారు. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. సంఖ్య చిన్నదే గాని, సూచన బలమైనది. పది వారాల పిండం సైతం ఒక చేతిని రెండవదాని కంటే ఎక్కువగా కదిలిస్తుందని హెపర్ బృందమే గమనించింది. ఆ వయస్సుకు మెదడు పైపొర నుంచి చేతికి నాడీమార్గాలు ఇంకా ఏర్పడవు. అందువల్ల ఈ మొగ్గుకు తొలి బీజం వెన్నుపాములో ఉండవచ్చునన్న ఆలోచన కలిగింది.

పుట్టిన తరువాత ఈ వాటం తిన్నగా సాగిపోదు. ఆరేడు నెలల పాప బొమ్మ కోసం ఇవాళ కుడిచేయి చాపుతుంది, వచ్చేవారం ఎడమచేయి చాపుతుంది, ఆ తరువాత రెండూ చాపుతుంది. సాధారణంగా రెండవ ఏట మొగ్గు తెలుస్తుంది. మూడు, నాలుగేళ్ళకు కుదుటపడుతుంది. కొందరిలో ఆరేళ్ళు వచ్చేదాకా ఊగిసలాట ఉంటుంది. కనుక రెండేళ్ళ పిల్ల చెంచా ఎడమచేత పట్టిందని కంగారు పడవలసిన పని లేదు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ, రెండవ చేతిని పిడికిలి బిగించి ఉంచినా, అసలు వాడకపోయినా వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి. అది వాటం కాకపోవచ్చు. ఆ రెండవ చేతిలో బలహీనత కావచ్చు. ఎంత ముందుగా కనిపెడితే చికిత్స అంతగా ఫలిస్తుంది.

వాటం వంశపారంపర్యమా అంటే కొంతవరకే. తల్లిదండ్రులిద్దరూ కుడిచేతి వారైతే బిడ్డ ఎడమచేతి వాటంతో పుట్టే అవకాశం సుమారు 10 శాతం. ఒకరు ఎడమచేతి వారైతే అది సుమారు రెట్టింపవుతుంది. ఇద్దరూ అయితే నాలుగో వంతుకు చేరుతుంది. ఇద్దరూ ఎడమచేతి వారైనా పిల్లలలో ఎక్కువమంది కుడిచేతి వారే! ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులన్నీ ఒకటే అయినా, అయిదింట సుమారు ఒక జంటలో ఒకరు కుడి, ఒకరు ఎడమ. 17 లక్షలకు పైగా వ్యక్తుల జన్యువులను పోల్చి, ఎడమచేతి వాటంతో సంబంధం ఉన్న 41 స్థానాలను పరిశోధకులు 2020లో గుర్తించారు. వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను వాటాన్ని నిర్ణయించదు. ఎడమచేతికి ఒక ప్రత్యేకమైన జన్యువు ఉంటుందన్న పాత ఊహ ఇక నిలవదు. మిగిలిన పాత్ర పిండం పెరిగేటప్పటి యాదృచ్ఛికతది. 'వాళ్ళ మేనమామ పోలిక' అని ఒక కుటుంబాన్ని నిందించే అవకాశం దీనితో చాలావరకు పోయిందనుకుంటాను.

మెదడు కుడి అర్ధగోళం ఎడమచేతిని నడుపుతుంది గనుక, ఎడమచేతి వారందరూ 'కుడి మెదడు' వారనీ, అందుచేత కళాకారులనీ ఒక ప్రచారం ఉన్నది. ఇది ముచ్చటైన మాటే గాని నిజం కాదు. భాషా కేంద్రాలు కుడిచేతి వారిలో 95 శాతానికి ఎడమ అర్ధగోళంలో ఉంటాయి. ఎడమచేతి వారిలోనూ సుమారు 70 శాతానికి అక్కడే ఉంటాయి.

దీనికంటే భయంకరమైన ప్రచారం మరొకటి జరిగింది. దక్షిణ కాలిఫోర్నియాలో మరణించిన వెయ్యిమంది వివరాలు సేకరించిన ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, కుడిచేతి వారు సగటున 75 ఏళ్ళకు, ఎడమచేతి వారు 66 ఏళ్ళకు మరణించారని 1991లో ప్రకటించారు. పత్రికలు ఆ వార్తను ఊరూరా మోశాయి. లెక్కలో తప్పు లేదు, తీసిన అర్థంలోనే పొరపాటు. ఏదైనా ఒక పట్నంలో మరణించిన సుబ్బారావుల సగటు వయస్సూ, కిరణ్‌ల సగటు వయస్సూ లెక్కగట్టి చూడండి. కిరణ్‌లు అల్పాయుష్కులని తేలుతుంది! ఆ పేరులో ప్రాణగండం ఏదీ లేదు. అది ఈమధ్య వాడుకలోకి వచ్చిన పేరు, అంతే. ఇక్కడ జరిగిందీ అదే. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1986లో జరిపిన సర్వేకు అమెరికాలో పది లక్షలకు పైగా పాఠకులు సమాధానాలు పంపారు. ఎడమచేత్తో రాసేవారు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పుట్టినవారిలో సుమారు 3, 4 శాతమే. 1950 తరువాత పుట్టినవారిలో దాదాపు 12 శాతం. ముసలివారిలో ఎడమచేతి వారు కనబడకపోవడానికి కారణం వారు చనిపోవడం కాదు, చిన్నప్పుడు బడిలో బెత్తం దెబ్బలతో వారిని కుడిచేతికి మార్చేయడం.

అలా మార్చడంవల్ల కలిగే నష్టం ఏమిటి? నత్తి వస్తుందని 1920, 30లలో అమెరికాలో గట్టిగా వాదించారు. ఇంగ్లండు రాజు ఆరవ జార్జిని ఉదాహరణగా చెబుతారు: ఆయన పుట్టుకతో ఎడమచేతి వాడు, బాల్యంలో మార్చారు, నత్తి ఉండేది. కాని మార్పిడే నత్తికి కారణమని తరువాతి పరిశోధనలు రుజువు చేయలేకపోయాయి. అయితే మరొక సంగతి తేలింది. బాల్యంలో కుడిచేతికి మారి దశాబ్దాల తరబడి రాసిన పెద్దల మెదళ్ళను జర్మనీలో పెట్ స్కాన్ ద్వారా పరీక్షించి, ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. కుడిచేత్తో రాస్తున్నా, వారి కుడి అర్ధగోళం ఇంకా చురుకుగా పాల్గొంటూనే ఉన్నది. చేయి మారింది గాని, మెదడు తన పాత వాటాన్ని వదులుకోలేదు. అందువల్ల రాసే చేతిని బలవంతంగా మార్చరాదన్నదే నా అభిప్రాయం.

పని ఒక్కొక్కటికీ చేయి వేరు కావడమూ ఉన్నది. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమచేత్తో, బ్యాటింగూ బౌలింగూ కుడిచేతి వాటంతో. గాంధీగారు 1909లో ఓడ ప్రయాణంలో 'హింద్ స్వరాజ్' రాస్తూ, కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో కొన్ని పుటలు రాశారు.

మన ఆచారాల మాటేమిటి? కుడిచేత్తో అన్నం తినడం, కానుక ఇచ్చిపుచ్చుకోవడం, ప్రసాదం అందుకోవడం మర్యాదకు సంబంధించినవి. వీటిని కోపతాపాలు లేకుండా నేర్పితే ఎడమచేతి పిల్లలు సులువుగానే పట్టుకుంటారు. రాత అటువంటిది కాదు; అందులో సూక్ష్మమైన వేలి కదలికలు వేలసార్లు జరగాలి. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం మీద కుడిచేత్తో ఓనమాలు దిద్దించడంలో తప్పేమీ లేదు. మరునాటి నుంచి పెన్సిలును బిడ్డ ముందు నడిమధ్య ఉంచి, ఏ చేత్తో తీసుకుంటే ఆ చేత్తోనే రాయనివ్వండి.

ఇంట్లో చేయదగిన చిన్న ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. తెలుగూ ఇంగ్లీషూ ఎడమ నుంచి కుడికి సాగుతాయి గనుక, ఎడమచేయి అప్పుడే రాసిన అక్షరాలను కప్పి, సిరాను చెరిపేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి పిల్లలు మణికట్టును కొక్కెంలా వంచుతారు. కాగితాన్ని కొద్దిగా ఎడమకు జరిపి, దాని పైభాగం కుడివైపుకు వాలేట్టు పెట్టి, పెన్సిలును మొన నుంచి కొంచెం పైకి పట్టుకోమంటే ఆ వంకర అవసరం ఉండదు. మామూలు కత్తెర ఎడమచేత పడితే దాని అలుగులు ఎడంగా జరిగి కాగితం తెగక మడతపడుతుంది. ఎడమచేతి వారి కత్తెరలు వేరే అమ్ముతారు. బల్ల దగ్గర ఎడమ చివర కూర్చోబెడితే పక్కవారి మోచేయి తగలదు. బూట్ల తాడు ముడివేయడం, పూలదండ కట్టడం వంటివి నేర్పేటప్పుడు పక్కన కాక ఎదురుగా కూర్చోండి. మీ కుడిచేయి చేసే పనిని బిడ్డ ఎడమచేయి అద్దంలో చూసినట్టే చేసుకుపోతుంది.