బేస్ గిటార్ విలువంతా మెడలోనే

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. వాటిలో లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. ‘ఎ’ తీగ 55 సార్లు, ‘డి’ 73.4 సార్లు, ‘జి’ 98 సార్లు. ఇంత మంద్రంగా పలకాలంటే తీగ పొడవుగానో, బరువుగానో, వదులుగానో ఉండక తప్పదు. మరీ వదులైతే ఊగి ఫ్రెట్లకు, అంటే మెడ మీది లోహపు మెట్లకు, తగులుతుంది. మరీ లావైతే బిరుసెక్కి స్వరంలో స్పష్టత పోతుంది. మరీ పొడవైతే వేళ్లకు అందదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ ఈ మూడింటికీ ఒక మధ్యేమార్గం చూపింది: 34 అంగుళాల తీగ పొడవు, అంటే 863.6 మిల్లీమీటర్లు. ఇప్పటికీ ఎక్కువ బేస్ గిటార్లు ఆ కొలతకే తయారవుతున్నాయి.

నాలుగు తీగలూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. వాయించినా, గోడకు తగిలించినా ఆ లాగుడు ఆగదు. దానికి ఎదురు నిలవడానికే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. బేస్ గిటార్ కొనేవారు మొదట చూడవలసింది ఈ మెడనే. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కితే అది సరళరేఖ అవుతుంది. అప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు, ఉంటే మంచిది. ఎక్కువ తక్కువలను ట్రస్ రాడ్ తిప్పి సరిచేస్తారు. కానీ ఆ రాడ్ అప్పటికే చివరిదాకా బిగిసి ఉండి, మెడ ఇంకా వంగే ఉంటే ఆ గిటార్‌ను వదిలేయాలి. మెడ మెలిక తిరిగినా అంతే. వంపును సరిచేసే రాడ్ మెలికను సరిచేయలేదు. తల వైపు నుంచి మెడ వెంబడి ఒక కన్నుతో చూస్తే ఈ లోపం తెలిసిపోతుంది.

వీణ మెట్లను మైనంలో కూర్చి, చెవితో విని సరిచేస్తారు. కొన్నేళ్ల తరవాత మళ్లీ కొత్తగా కట్టుకోవచ్చు. బేస్ ఫ్రెట్లకు ఆ వెసులుబాటు లేదు. ఫ్యాక్టరీలో కోసిన గాడి ఎక్కడుంటే ఫ్రెట్ అక్కడే ఉండిపోతుంది. ప్రతి ఫ్రెట్ మిగిలిన తీగ పొడవులో సుమారు 17.8వ వంతును తగ్గించాలి. ఆ లెక్కన మొదటి ఫ్రెట్ నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 48.5 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండోది సరిగ్గా సగంలో పడతాయి. అయితే వేలితో నొక్కినప్పుడు తీగ కాస్త సాగి బిగుతు పెరుగుతుంది కాబట్టి స్వరం లెక్కకన్నా కొంచెం పైకి పోతుంది. లావు తీగలో బిరుసు వల్ల ఈ తేడా ఇంకా ఎక్కువ. దీన్ని సర్దడానికే తీగల రెండో చివర ఆనే బ్రిడ్జి మీద ప్రతి తీగకూ జరిపే వీలున్న శాడిల్ ఉంటుంది. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తేలికగా తాకి వాయించిన హార్మోనిక్, అక్కడే నొక్కి వాయించిన స్వరం ట్యూనర్‌లో ఒకే చోట నిలవాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి. శాడిల్ వెనక్కి పోయే చోటు అయిపోయినా శ్రుతి కలవలేదంటే బ్రిడ్జినే తప్పు చోట బిగించి ఉండవచ్చు. తుప్పు పట్టిన పాత తీగలతో ఈ పరీక్ష చేయకూడదు. వాటి బరువు అంతటా సమానంగా ఉండదు.

ఇంకో లోపం చెవికి మాత్రమే దొరుకుతుంది. కొన్ని ఫ్రెట్ల దగ్గర స్వరం మోగినట్టే మోగి చటుక్కున చచ్చిపోతుంది. వాటిని డెడ్ స్పాట్లు అంటారు. చాలా బేస్‌లలో ఇవి ‘జి’ తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య, అంటే 131 నుంచి 147 హెర్ట్జ్ ప్రాంతంలో, కనిపిస్తాయి. మ్యూనిక్‌లో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు మెడల కంపనాలను కొలిచి దీని కారణం చూపించాడు. తీగ పౌనఃపున్యం మెడ సహజ పౌనఃపున్యానికి దగ్గరైతే తీగలోని శక్తిని మెడ తాగేస్తుంది. చెక్క మెడలో ఎంతో కొంత డెడ్ స్పాట్ ఉండడం మామూలే. ఒక్క స్వరం మిగతావాటిలో సగంసేపు కూడా నిలవకపోతే మాత్రం అది పెద్ద లోపమే. ఆంప్లిఫయర్‌కు కలపకముందే, ఒకే బలంతో ప్రతి ఫ్రెట్‌నూ మోగించి ఇది చూసుకోవాలి.

ఆ తరవాతే పికప్పులు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే పికప్ అవుతుంది. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్ పుడుతుంది. అదే చుట్ట గదిలోని కరెంటు వైర్ల నుంచి వెలువడే గురగురనూ పట్టుకుంటుంది. బేస్ గిటార్‌కు ఇది పెద్ద చికాకు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ‘ఇ’ తీగ మూడో ఫ్రెట్ స్వరం 49 హెర్ట్జ్. రెండూ దాదాపు ఒకే చోట ఉండడంతో ఆ గురగురను ఫిల్టర్‌తో తీసేస్తే స్వరం కూడా పలచబడుతుంది. 1957 నుంచి ప్రెసిషన్ బేస్‌లో వాడుతున్న రెండు ముక్కల పికప్ దీనికి చక్కటి విరుగుడు. రెండు ముక్కల్లో చుట్టే దిశ, అయస్కాంత ధ్రువం తారుమారుగా ఉంటాయి కాబట్టి గురగుర రద్దయి, తీగ శబ్దం మాత్రం మిగులుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు విడి పికప్పులు. బ్రిడ్జి వైపుది కరుకుగా, మెడ వైపుది గుండ్రంగా పలుకుతుంది. బ్రిడ్జి దగ్గర మూల స్వరపు ఊపు తక్కువ, పై స్వరాలది ఎక్కువ కావడమే దీనికి కారణం.

1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బ్యాటరీతో నడిచే ప్రీఆంప్‌కు పేరు తెచ్చింది. అలాంటి ప్రీఆంప్ ఉన్నవాటినే ఆక్టివ్ బేస్‌లు అంటారు. కేబుల్ గుచ్చి ఉంచితే చాలు, ఈ రకంలో బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అది ప్రదర్శన మధ్యలో అయిపోతే శబ్దం వికృతమవుతుంది, లేదా పూర్తిగా పోతుంది.

ఇక చెక్క. ఆల్డర్ గొప్పదా, ఆష్ గొప్పదా అన్న వాదనకు దొరికే ప్రాధాన్యం దాని ప్రభావం కన్నా ఎక్కువ. పికప్ వినేది తీగ కదలికను. ఒళ్లు ఏ జాతి చెక్కో దానికి నేరుగా తెలియదు. ఫింగర్‌బోర్డుకు ఎక్కువగా వాడే కలపల్లో మన అడవుల్లో పెరిగే ఇరుగుడు, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ఒకటి. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలోకి వచ్చాయి. పూర్తయిన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికింది. కొనేవారికి జాతి పేరు కన్నా కలప బాగా ఆరిందా లేదా అన్నది ముఖ్యం. సరిగా ఆరని మెడ ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. అప్పుడు ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి. మెడ అంచు వెంట అరచెయ్యి జార్చి చూస్తే తెలుస్తుంది.

బరువు నాలుగు కిలోల దరిదాపుల్లో ఉంటే రెండు గంటల కచేరీలో భుజం తట్టుకుంటుంది. పట్టీ వేసుకుని రెండు చేతులూ వదిలేసినప్పుడు తల నేలవైపు జారకూడదు. అయిదు తీగల బేస్ అయితే 30.9 హెర్ట్జ్ దగ్గర పలికే ‘బి’ తీగ మీదే దృష్టి పెట్టాలి. చవక వాద్యాల్లో ముందు దెబ్బతినేది అదే.

ఫోన్‌లో వీడియోలు చూసి బేస్‌ను అంచనా వేయడం కుదరదు. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేదు. పై స్వరాలను విని, లేని మూల స్వరాన్ని మెదడే ఊహించుకుంటుంది.

పికప్పులు, బిరడలు, తీగలు తరవాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మెడను మార్చడం దాదాపు కొత్త వాద్యం కొన్నంత పని. అందుకే పరిమితమైన డబ్బుతో కొనేవారికి మెరిసే పైపూత, పేరున్న పికప్ ఉన్న గిటార్ కన్నా మెడ నిటారుగా ఉన్న సాదా గిటార్ మేలు. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌నూ తీరిగ్గా వాయించి చూడనివ్వని దుకాణంలో మాత్రం కొనకపోవడమే మంచిది.