తోడు లేకుండా సముద్రం ఎలా దాటింది?

రెండో ప్రపంచయుద్ధంలో సైనికులను మోసే ఓడలు సాధారణంగా గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో వెళ్ళేవి. అమెరికా నౌకాదళానికి చెందిన వెస్ట్ పాయింట్ మాత్రం చాలాసార్లు ఒంటరిగానే మహాసముద్రాలు దాటింది. ఎందుకంత ధైర్యం?

వేగమే కారణం. ఆనాటి జర్మన్ జలాంతర్గాములు నీటిపైన సుమారు 17 నాట్ల వేగంతో, నీటి అడుగున అందులో సగం కన్నా తక్కువ వేగంతో వెళ్ళేవి. వెస్ట్ పాయింట్ వేగం 22 నాట్లు! వెంటాడి పట్టుకోవడం వాటి తరం కాదు. దారికాచి టార్పెడో వదలాలన్నా గురి కుదరకుండా ఓడ వంకరటింకరగా దిశ మార్చుకుంటూ సాగేది.

నిజానికి ఇది 'అమెరికా' అనే ప్రయాణికుల ఓడ. దాదాపు 1,200 మంది హాయిగా తిరగడానికి కట్టింది. 1941లో నౌకాదళం తీసుకుని, ఒకదానిపై ఒకటిగా పడకలు బిగించింది. అందుకే 1944లో ఒకే ప్రయాణంలో 9 వేల మందికి పైగా ఎక్కగలిగారు.

దీని చరిత్రలో మనసును కలచివేసే ఘట్టం సింగపూర్. 1942 జనవరి చివర బొంబాయి మీదుగా బ్రిటిష్ సైనికులను అక్కడ దించింది. స్త్రీలను, పిల్లలను ఎక్కించుకుని బయటపడింది. రెండు వారాలకే సింగపూర్ జపాన్ వశమైంది. దిగిన సైనికులలో అత్యధికులు బందీలయ్యారు.

1946లో నౌకాదళం నుంచి విడుదలయ్యేనాటికి వెస్ట్ పాయింట్ 3,50,000 మందికి పైగా చేరవేసింది.