బెల్టు లేని పళ్ళెం

ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. కాస్త వేగం పెరిగితే గాయకుడి గొంతు కీచుమంటుంది, తగ్గితే మూలుగులా సాగుతుంది. ఒకప్పటి రికార్డు ప్లేయర్లలో వాడిన మోటార్లేమో నిమిషానికి వందల చుట్లు తిరిగేవి, కొన్ని వెయ్యి కూడా దాటేవి. అంత జోరును ఇంత నిదానానికి దించడానికి రెండు పద్ధతులుండేవి. మోటారు ఇరుసుకూ, రికార్డు కూర్చునే పళ్ళెం అంచుకూ మధ్య రబ్బరు చక్రం పెట్టడం ఒకటి, రబ్బరు బెల్టు తగిలించడం రెండోది. చక్రం పెడితే మోటారు అదురు పళ్ళెం దాకా పాకి, ముల్లులోకి ఎక్కి, పాట అడుగున గురగురమని వినిపిస్తుంది. బెల్టు ఆ అదురును ఆపుతుంది గానీ రానురాను సాగుతుంది, జారుతుంది. పళ్ళెం వేగం అందుకోవడం కూడా ఆలస్యమే.

ఇంట్లో కూర్చుని పాట వినేవాళ్ళకు ఆ కొద్ది ఆలస్యం ఓ లెక్కలోది కాదు. జపాన్‌లోని మాత్సుషితా కంపెనీ ఇంజినీరు షూయిచి ఒబాతాకు మాత్రం మధ్యలో ఆ రబ్బరే ఉండకూడదనిపించింది. మోటారునే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేలా చేసి, దాని ఇరుసు మీదే పళ్ళెం కూర్చోబెడితే సరిపోతుంది కదా! అనుకున్నంత తేలిక కాదది. నెమ్మదిగా తిరిగే మోటారులో ఒక్కో తీగచుట్ట అయస్కాంతాన్ని లాగినప్పుడల్లా చిన్న కుదుపు పుడుతుంది. వేగంగా తిరిగేటప్పుడు కలిసిపోయే ఆ కుదుపులు నిదానంలో విడివిడిగా బయటపడతాయి. అందుకే రెండు ఏర్పాట్లు చేశారు. కుమ్మరి సారెలా తన బరువుతో తానే నిలకడగా తిరిగే లోహపు పళ్ళెం ఒకటి. వేగాన్ని అనుక్షణం కొలిచి సరిదిద్దే ఎలక్ట్రానిక్ సర్క్యూటు రెండోది. కంపెనీ 1970లో టెక్నిక్స్ అనే పేరుతో తెచ్చిన ఎస్‌పీ-10 ఈ పద్ధతిలోనే తిరిగింది. 1972లో ఇళ్ళ కోసం ఎస్‌ఎల్-1200 వచ్చింది. రికార్డుకు చెయ్యి తగలకుండా, దుమ్ము పడకుండా, పాటను శ్రద్ధగా వినేవారి కోసం చేసిన యంత్రమది. దానికి శాశ్వతమైన పేరు తెచ్చినవాళ్ళు మాత్రం రికార్డు మీద చెయ్యి వేసినవాళ్ళు.

ఆ చెయ్యి ఏం చేసిందో అర్థం కావాలంటే ముందు రికార్డు గురించి చెప్పుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే తొలినాళ్ళ 78 ఆర్‌పీఎం రికార్డుల్లో కీలకమైన సరుకు లక్క. లక్క పురుగులు చెట్టుకొమ్మల మీద స్రవించే జిగురది. ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్ద వాటా ఛోటా నాగపూర్ వంటి మన అడవుల నుంచే వెళ్ళేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా చిక్కుల్లో పడింది. అమెరికా సైనికుల కోసం అచ్చువేసిన రికార్డులకు వినైల్ ప్లాస్టిక్ వాడటం మొదలైంది. 1948లో కొలంబియా కంపెనీ అదే ప్లాస్టిక్‌తో ఎల్పీని బజారులోకి తెచ్చింది. వినైల్ లక్కకన్నా నునుపు, సులువుగా పగలదు, సన్నటి గాడిని నిలుపుకుంటుంది. ఇరవై నిమిషాలు పాడే ఒక వైపున ఉన్నది ఒకే ఒక్క సర్పిలాకారపు గాడి. దాన్ని విప్పి తిన్నగా పరిస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. 1931లో ఇంగ్లండు ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్ తన పేటెంటులో రాసుకున్న ఆలోచనతో, ఆ గాడికి ఒక గోడ మీద ఎడమ చెవి సంగీతాన్నీ రెండో గోడ మీద కుడి చెవి సంగీతాన్నీ చెక్కుతారు. వజ్రపు ముల్లు ఈ రెండు గోడల ఎత్తుపల్లాలనూ తడుముతూ పోతుంది. పాట అక్కడ ఒక ఆకారంగా ఉంది, కంటికి కూడా కనిపిస్తుంది. డ్రమ్ములు గట్టిగా మోగే చోట గాడి మెరుపు మారుతుంది, అనుభవం ఉన్న డీజే దాన్ని చూసి ఆ చోటు పోల్చుకుంటాడు. నాకు రికార్డు మీద ఉన్న ప్రేమంతా ఇక్కడే ఉంది. పాటను చూడనిచ్చే, తాకనిచ్చే సాధనం ఇంకొకటి నాకు తెలియదు.

ఇక ఆ చెయ్యి సంగతి. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ పేదల పేట. 1973 ఆగస్టు 11న అక్కడి సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520వ నంబరు భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ తన చెల్లెలు చేసిన పార్టీలో రికార్డులు వేశాడు. లోకం అతన్ని డీజే కూల్ హర్క్ అంటుంది. పాటలో గొంతులూ మిగతా వాయిద్యాలూ ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాల ముక్క రాగానే కుర్రాళ్ళు రెచ్చిపోయి ఆడటం అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద మళ్ళీ అదే ముక్క వేసేవాడు. క్షణాల సంగీతం నిమిషాలుగా సాగింది. హిప్‌హాప్ పుట్టుకను చాలామంది ఆ రాత్రి నుంచే లెక్కిస్తారు.

హర్క్ ముల్లును కంటి అంచనాతో ఎత్తి దించేవాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌గా పేరుపడ్డ జోసెఫ్ సాడ్లర్‌కు ఆ ఉజ్జాయింపు నచ్చలేదు. స్కూల్లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న కుర్రాడతను. ముక్క మొదలయ్యే చోట రికార్డు మీద క్రేయానుతో గుర్తు గీశాడు. ముల్లు ఎత్తకుండానే రికార్డును చేత్తో వెనక్కి తిప్పాడు. జనానికి వినపడకముందే తాను హెడ్‌ఫోనులో వినేలా, రెండు ప్లేయర్ల శబ్దాన్ని కలిపే మిక్సర్‌కు స్విచ్చి అమర్చుకున్నాడు. అన్నిటికన్నా తెలివైనది గంజితో బిరుసెక్కించిన ఫెల్టు గుడ్డను రికార్డు కింద పరవడం. గుడ్డకూ లోహానికీ మధ్య రాపిడి తక్కువ. రికార్డును చేత్తో పట్టి ఆపినా కింద పళ్ళెం తన వేగంతో తిరుగుతూనే ఉంటుంది, వదిలిన మరుక్షణమే పాట సరైన వేగంలో అందుకుంటుంది. మూడో కుర్రాడు గ్రాండ్ విజార్డ్ థియోడర్. తల్లి వచ్చి సంగీతం తగ్గించమన్నప్పుడు రికార్డును చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపితే వచ్చిన చప్పుడు అతనికి నచ్చింది, దాన్నే సాధన చేశాడు. అదే స్క్రాచ్. ముల్లుకు ముందూ వెనకా అని తేడా లేదు, గాడి ఎటు కదిలినా చదువుతుంది. గాడి ఎంత వేగంగా కదిలితే స్వరం అంత పైకెక్కుతుంది. అంటే చెయ్యి వీణ తీగ మీద గమకం పలికించినట్టే వినైల్ మీద స్వరాన్ని వంచుతోందన్నమాట. ఫ్లాష్ 1981లో వేరే రికార్డుల ముక్కలతో, టర్న్‌టేబుళ్ళు అనే ఈ ప్లేయర్ల మీదే కట్టిన పాటను విడుదల చేశాడు.

ఈ పనికి బెల్టు ప్లేయరు పనికిరాదు. చెయ్యి పడగానే బెల్టు జారి పళ్ళెం నీరసిస్తుంది. నేరుగా తిరిగే మోటారు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. 1979లో వచ్చిన ఎస్‌ఎల్-1200 ఎమ్‌కే2 అయితే డీజేల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పళ్ళెం అడుగునే అయస్కాంతం బిగించడంతో పళ్ళెమే మోటారులో భాగమైపోయింది. క్వార్ట్జ్ స్ఫటికపు ప్రకంపనలతో వేగాన్ని సరిచూసుకుంటుంది. ఆగి ఉన్నది 0.7 సెకన్లలో పూర్తి వేగానికి చేరుతుంది. వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ పక్కన నిలువు మీట ఉంది, రెండు పాటల తాళం కలపడానికి అంతకన్నా ఏం కావాలి? బరువు 12.5 కిలోలు, పక్కన స్పీకర్లు హోరెత్తినా ముల్లు చెదరదు.

పెద్ద నగరాల క్లబ్బులకే పరిమితం కాలేదీ యంత్రం. శాన్‌ఫ్రాన్సిస్కోను ఆనుకుని డేలీ సిటీ అనే చిన్న ఊరుంది. అక్కడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలెక్కువ. 1980ల్లో ఆ ఇళ్ళ పిల్లలు గ్యారేజీల్లో సాధన చేసి, పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ చర్చి హాళ్ళలో రికార్డులు వేసేవారు. ఆ సందడిలోంచి వచ్చినవాడే డీజే క్యూబర్ట్. మిత్రులతో కలిసి 1992లోనూ, మిక్స్ మాస్టర్ మైక్‌తో కలిసి 1993లోనూ డీఎమ్‌సీ ప్రపంచ డీజే పోటీ గెలిచాడు. బ్యాండు పెట్టాలంటే డబ్బూ మనుషులూ కావాలి. గ్యారేజీలో ఒంటరిగా కూర్చున్న కుర్రాడికి రెండు టర్న్‌టేబుళ్ళు, ఒక మిక్సరు, పాత రికార్డుల పెట్టె చాలు. చిన్న ఊళ్ళ డీజేలు ఈ రికార్డులను జీవితాంతం ఎందుకు వదలరో నాకు ఇక్కడే అర్థమవుతుంది. అది వాళ్ళు సొంతంగా సంపాదించుకున్న వాద్యం.

పాటలు కంప్యూటరులోకి చేరాక కూడా పళ్ళెం పోలేదు. 2000ల మొదట్లో పాటకు బదులు ఒక సంకేతం మాత్రమే చెక్కిన వినైల్ వచ్చింది. ముల్లు దాన్ని చదువుతుంది. సాఫ్ట్‌వేరు రెండు గోడల తరంగాల మధ్య తేడాను బట్టి రికార్డు ఎటు తిరుగుతోందో, తరంగాల జోరును బట్టి ఎంత వేగంగా తిరుగుతోందో పట్టేసి, ఫైలులోని పాటను అలాగే కదుపుతుంది. ఇవాళ మన పెళ్ళి ఊరేగింపుల్లో డీజే ముందుండే కంట్రోలరు మీద రెండు గుండ్రటి చక్రాలు చూసే ఉంటారు. అవి ఈ టర్న్‌టేబుల్ పోలికే.

2010లో కంపెనీ 1200 తయారీ ఆపేసింది. అది తొందరపాటేనని నా అభిప్రాయం. వినైల్ మీద మమకారం తగ్గలేదు, పెరిగింది. 2016లో కుదుపు లేని కొత్త మోటారుతో 1200 తిరిగొచ్చింది, 2019లో డీజేల కోసం ఎమ్‌కే7 వచ్చింది. 2020లో అమెరికాలో రికార్డుల అమ్మకాల రాబడి, 1986 తర్వాత మొదటిసారి, సీడీలను దాటింది.

మీ ఇంటి అటక మీద పాత రికార్డులుంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలువుగా పెట్టండి, ఎండ తగలనీయకండి. 78 ఆర్‌పీఎం లక్క రికార్డులను స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. అరిగిన ముల్లుతో ఏ రికార్డూ వేయకండి, అది గాడిని చెక్కేస్తుంది.