లక్షల బోరింగులు వేశారు, ఒక్క పరీక్ష చేయలేదు

విదేశీ సాయంతో పెద్ద ప్రాజెక్ట్ ఒకటి పూర్తయింది అనుకోండి. అది సక్సెస్ అని ఎలా చెప్తాం? ఖర్చు పెట్టిన డబ్బు చూసా? కట్టినవి లెక్కపెట్టా? దీనికి నాకు తెలిసిన పెద్ద పాఠం బంగ్లాదేశ్‌లో ఉంది.

1970ల సంగతి. అక్కడి పల్లెల్లో జనం ఎక్కువగా చెరువు నీళ్లు, ఏటి నీళ్లు తాగేవాళ్లు. కలరా, నీళ్ల విరేచనాలతో పసిపిల్లలు చాలామంది చనిపోయేవాళ్లు. అప్పుడు ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి ఊరూరా గొట్టపు బావులు వేయడం మొదలుపెట్టాయి. మన ఊళ్లలో బోరింగు అంటామే, అదే. భూమి లోపలి నీళ్లలో క్రిములు తక్కువ. ఆలోచన బాగానే ఉంది, ఖర్చు కూడా తక్కువే. జనానికి ఎంత నచ్చిందంటే, తర్వాత సొంత డబ్బుతో ఇళ్ల దగ్గరే వేయించుకున్నారు. రిపోర్టుల్లో చూస్తే సూపర్ హిట్.

1993లో చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో బావి నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. ఇది విషం. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఎవరూ కలపలేదు; హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన మట్టిలోనే ఉంది. ఏళ్ల తరబడి తాగితే ఒంటిమీద మచ్చలు వస్తాయి, అరచేతులు, అరికాళ్లు గట్టిపడతాయి, చివరికి క్యాన్సర్ కూడా రావచ్చు. 2000లో డబ్ల్యూహెచ్‌ఓ బులెటిన్‌లో వచ్చిన ఒక వ్యాసం, 12.5 కోట్ల జనాభాలో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ముప్పు ఉందని అంచనా వేసింది.

మరి ముందే ఎందుకు తెలియలేదు? ఎందుకంటే అప్పట్లో మామూలుగా చేసే నీటి పరీక్షల్లో ఆర్సెనిక్ లేదు. వెతకలేదు కాబట్టి కనపడలేదు. పక్కనే పశ్చిమ బెంగాల్‌లో 1980ల మొదట్లోనే డాక్టర్లు ఇలాంటి రోగుల్ని గుర్తించారు. అయినా ఇటువైపు బావులు వేస్తూనే ఉన్నారు.

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి: అవుట్‌పుట్, అవుట్‌కమ్. ఎన్ని బావులు వేశాం అనేది అవుట్‌పుట్. ఆ నీళ్లు తాగినవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారా అనేది అవుట్‌కమ్. మొదటిది లెక్కపెట్టడం ఈజీ. ఫోటో తీయొచ్చు, రిబ్బన్ కట్ చేయొచ్చు. రెండోది తెలియాలంటే ఏళ్ల తరబడి మనుషుల్ని గమనించాలి. నల్గొండలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎముకల్ని ఏం చేసిందో తెలిసిన మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. బోరు పడింది, నీళ్లొచ్చాయి, అంతటితో పని అయిపోలేదు.

తర్వాత ఏం చేశారు? దాదాపు 50 లక్షల బావులు పరీక్షించి రంగులేశారు. ఆర్సెనిక్ ఎక్కువుంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. విచిత్రం ఏంటంటే, ఒక ఇంటి బావి ఎరుపైతే పక్కింటిది ఆకుపచ్చ కావచ్చు. అరైహజార్ అనే చోట పరిశోధకులు ఈ సమాచారం చెప్తే, చెడ్డ బావి ఉన్నవాళ్లలో దాదాపు 60 శాతం మంది ఏడాదిలో వేరే బావికి మారారు. చిన్న సమాచారం, పెద్ద మార్పు.

కానీ కథ సుఖాంతం కాలేదు. కొత్త బావులు పడ్డాయి, వాటిలో చాలావాటికి పరీక్షలు లేవు. లోతుగా తవ్వితే సాధారణంగా మంచి నీళ్లొస్తాయి, కాబట్టి ప్రభుత్వం లోతైన బావులు వేసింది. అయితే వాటిలో కొన్ని అవసరం ఉన్నచోట కాకుండా నాయకులకి కావాల్సినవాళ్ల స్థలాల్లో పడ్డాయని 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ రిపోర్ట్ చెప్పింది. మళ్లీ అదే తప్పు: బావుల లెక్క ఉంది, తాగేవాళ్ల లెక్క లేదు.

అలాగని గొట్టపు బావులే వద్దు అనడం లేదు. మళ్లీ చెరువు నీళ్లకి వెళ్తే విరేచనాల ముప్పు తిరిగొస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. ఇకమీదట ఏ ప్రాజెక్ట్ గురించైనా 'ఇన్ని లక్షలు పూర్తి' అని పోస్ట్ కనిపిస్తే, షేర్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేయండి. దీనివల్ల ఎవరి జీవితంలో ఏం మారింది? అది ఎవరు కొలిచారు? కొలవకుండా వదిలేసింది ఏంటి?

మీ ఊళ్లో అలా కొలవకుండా వదిలేసినవి ఉంటే కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.