జొన్న నాము: ఆకులో విషం ఎక్కడ ఉంటుంది?

సంఘం అప్పుతో కొన్న ఆవు. చూడి ఆవు. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం కోసిన జొన్న చేలో పడి మేసింది. గట్టు దాటి నాలుగు అడుగులు వేసిందో లేదో, కూలబడింది. నోటి వెంట నురగ వచ్చింది. ఆయాసం ఎక్కువైంది. డాక్టరుకు కబురు వెళ్ళేలోపే ప్రాణం పోయింది.

భద్రాచలం వైపు ఒక గూడెంలో జరిగిన సంగతి ఇది. ఆ అక్క ఏడుస్తుంటే చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. "దిష్టి తగిలింది" అన్నారు ఒకరు. "ఎవరో మందు పెట్టారు" అన్నారు ఇంకొకరు. పొద్దున ఆ దారిన పోయిన ఒక ముసలమ్మ మీదికి అందరి చూపులూ తిరిగాయి. ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ రాత్రి భయంతో ఆమె తలుపే తియ్యలేదు.

తెల్లారి ఒక పెద్దాయన చేలోకి పోయి ఒక పిలక పీక్కొచ్చాడు. "దిష్టీ కాదు, మందూ కాదు. ఇదిగో, నాము" అన్నాడు.

నాము అంటే మీలో చాలామందికి తెలుసు. జొన్న కోశాక మోడు నుంచి మళ్ళీ లేత పిలకలు వస్తాయి. వాటిని తింటే పశువులు చస్తాయి. వానలు లేక వాడి, గిడసబారిన లేత జొన్న కూడా అంతే. మన పెద్దలకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. కాని ఒక చిక్కు ప్రశ్న ఉంది. విషం జొన్న మొక్కలోనే ఉంటే ముందు జొన్నే చావాలి కదా? అది పచ్చగా పెరుగుతూనే ఉంటుంది. ఎట్లా?

దీనికి జవాబు మన తాంబూలంలో ఉంది. తమలపాకు పచ్చన. సున్నం తెల్లన. వక్క గోధుమ రంగు. మూడూ పళ్ళెంలో పక్కపక్కనే ఉంటాయి. ఏదీ ఎర్రగా ఉండదు. నోట్లో వేసుకుని నమిలితే నోరంతా ఎర్రగా పండుతుంది. ఆ ఎరుపు ముందు ఎక్కడుంది? ఎక్కడా లేదు. కలిస్తేనే పుట్టింది.

జొన్న ఆకులోనూ ఇదే జరుగుతుంది.

ఆకును చూస్తే ఒకే పలక లాగా కనిపిస్తుంది. నిజానికి అది వేల వేల చిన్న గదుల ఇల్లు. ఈ గదులను కణాలు అంటారు. ఒక ఆవగింజ పొడవున ముప్పై నలభై కణాలు వరసగా పడతాయి. అంత చిన్నవి. ఆకు పైన, కింద చర్మం లాంటి పొర ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య పచ్చటి కండ ఉంటుంది. ప్రతి కణంలో నీళ్ళ కుండ లాంటి సంచి ఒకటి ఉంటుంది. మొక్క తనకు కావలసిన కొన్ని పదార్థాలను, తనకు చెరుపు చేసే కొన్నిటిని అందులో దాచిపెట్టుకుంటుంది.

జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు దీన్ని కనుక్కున్నారు. అరబ్బీ భాషలో జొన్నను ధుర్రా అంటారు. పేరు అట్లా వచ్చింది. ధురిన్‌లో సైనైడు అనే ఘోరమైన విషం ఉంది. కాని అది చక్కెరతో కలిపి కట్టేసి ఉంటుంది. కట్టు విప్పనంత వరకు అది ఎవరినీ ఏమీ చెయ్యదు. కట్టు విప్పే కత్తెర లాంటి పదార్థాలు కూడా ఆ ఆకులోనే ఉన్నాయి. వాటిని ఎంజైములు అంటారు.

మరి కట్టు, కత్తెర ఒకే ఆకులో ఉండి ఎందుకు కలవటం లేదు?

ఒక ఆకులో విషం ఎంత ఉందో తెలుసుకోవటం కష్టం కాదు. ఆకును నలిపి సీసాలో వేస్తారు. పైన పిక్రేట్ అనే మందులో తడిపిన పసుపు కాగితం వేలాడదీసి మూత పెడతారు. సైనైడు ఆవిరి తగిలితే కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. కాని ఇది ఎంత ఉందో చెబుతుందే గాని, ఎక్కడ ఉందో చెప్పదు. నలిపేశాక ఇక గది ఏది, గోడ ఏది?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఉంది. అక్కడ డేవిస్ అనే ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో ఎరిక్ కాన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు దీని మీద కూర్చున్నారు. ఆరు రోజుల లేత జొన్న మొలకలు తీసుకున్నారు. కణాల గోడలను కరిగించే ద్రవంలో ఆకులను నానబెట్టారు. గోడలు కరిగితే కణాలు గుండ్రటి బుడగల్లా విడిపోతాయి. పై పొర కణాలు ఒక పక్కకు, మధ్య కండలోని కణాలు ఒక పక్కకు వేరు చేశారు. మనం చేటలో చెరిగి నూకలు, గింజలు వేరు చేస్తాం కదా, అట్లా. తరవాత దేనిలో ఏది ఎంత ఉందో కొలిచారు.

1979లో వాళ్ళు ఫలితం చెప్పారు. ధురిన్ అంతా పై పొరల కణాల్లోనే ఉంది. కత్తెరలు దాదాపు అన్నీ మధ్య కండలో ఉన్నాయి. అంతకు ముందే, 1978లో, జొన్న కణాల లోపలి సంచులను విడిగా తీసి చూస్తే వాటిలో ధురిన్ కనిపించింది. అంటే విషపు మూట ఒక గదిలో కుండలో ఉంది. కత్తెర పక్క గదిలో ఉంది. మధ్యన గోడ ఉంది. అందుకే మొక్క బతుకుతుంది. పశువు నమిలినప్పుడు గోడలు పగులుతాయి. రెండూ కలుస్తాయి. సైనైడు బయటకు వస్తుంది. తనను తినే పురుగుల నుంచి, జంతువుల నుంచి కాపాడుకోవటానికి జొన్న పెట్టుకున్న ఏర్పాటు ఇది. ఆవు మనది గాని, జొన్నకు అది శత్రువే!

సైనైడు ఒంట్లోకి పోతే పశువు గాలి పీల్చినా ఆ గాలి కండరాలకు పనికిరాదు. నెత్తురు మామూలు కంటే బాగా ఎర్రగా కనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు ఉంది. సోడియం థయోసల్ఫేట్ అనే మందును పశువుల డాక్టరు నరానికి ఎక్కిస్తారు. వెనకటి ఫోటో స్టూడియోల్లో హైపో అని వాడింది ఇదే. కాని డాక్టరు వచ్చేదాకా పశువు ఉండాలి కదా. అందుకని ముందే జాగ్రత్త పడాలి.

మొక్క లేతగా ఉన్నప్పుడు ధురిన్ ఎక్కువ. పెరిగే కొద్దీ తగ్గుతుంది. పచ్చి మేతకు జొన్నను పూత వచ్చాకే కోయాలి. వాన లేక వాడినప్పుడు, యూరియా ఎక్కువ చల్లినప్పుడు విషం పెరుగుతుంది. ఎండిన చేను మీద వాన పడగానే వచ్చే చిగుళ్ళు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. అవే ప్రమాదం. కోసిన చేలోకి పశువును తోలేటప్పుడు మోళ్ళు చూడండి. సగం వాడిన ఆకును నమ్మవద్దు. బాగా ఎండిన చొప్పలో విషం చాలా వరకు పోతుంది.

ముదిరి ఎండిన జొన్న గింజలతో భయం లేదు. గటక, రొట్టె ఎప్పటిలాగే తినండి. జొన్న మొలకల సంగతి వేరు. పెసలు మొలకెత్తించి తిన్నట్టు కొందరు జొన్నలను కూడా మొలకెత్తించి పచ్చిగా తింటున్నారు. ఆ పని చెయ్యకండి. డేవిస్‌లో ధురిన్ దొరికింది అలాంటి లేత మొలకల్లోనే.

ఆ ముసలమ్మ ఇప్పుడు ఆ దారినే నీళ్ళకు పోతున్నది. ఆవు పోయిన అక్క ఇంకా అప్పు కడుతున్నది. మొన్న వానకు ఆమె చేలో మళ్ళీ పిలకలు లేచాయి. ఇద్దరూ కలిసి కొడవళ్ళతో వాటిని కోసి, ఎండకు గట్టు మీద పరిచారు.