ఇల్లు విడిచిన బాలుని పాట

తండ్రి తొడ నెక్కనోచక అడవికేగిన ధ్రువుని కథ మనమందరము బిడ్డలకు చెప్పుచునే యున్నాము. అట్లే తండ్రి యాదరము గోల్పోయి ఇల్లు విడిచిన యొక పిల్లవాని కథను 1984వ సంవత్సరమున బ్రిటనునందు మువ్వురు యువకులు పాటగా గట్టిరి.

వారి బృందమునకు బ్రాన్‌స్కీ బీట్ అని పేరు. గాయకుడు జిమ్మీ సోమర్‌విల్ గ్లాస్గో నగరమువాడు. స్టీవ్ బ్రాన్‌స్కీ, లారీ స్టైన్‌బాకెక్ అనువారు సింథసైజరను విద్యుద్వాద్యమును మ్రోయించువారు. మువ్వురును పురుషులయందే అనురాగము గల పురుషులు. ఆ సంగతిని దాచినవారు కారు. స్మాల్‌టౌన్ బాయ్ అను వారి తొలిపాట ఆ దేశపు పాటల పట్టికలో 3వ స్థానమున కెక్కెను. దానికి తీసిన చిత్రమునందు, దెబ్బలు తిన్న కుమారుని పోలీసువారు ఇంటికి తెత్తురు. గుట్టు బయటపడును. తండ్రి ప్రయాణమునకు రొక్కమిచ్చును గాని, బిడ్డ చాచిన చేతిని ముట్టడు. పిల్లవాడు రైలెక్కి పోవును.

నాటి బ్రిటిషు చట్టము స్త్రీపురుషుల పొందునకు 16 ఏండ్లు చాలుననియు, పురుషులిద్దరైనచో 21 నిండవలెననియు విధించెను. ఈ భేదమును చాటుటకే వారు తమ గీతసంపుటికి సమ్మతివయస్సు అని యర్థమిచ్చు 'ది ఏజ్ ఆఫ్ కన్సెంట్' అను పేరిడి, పలుదేశముల వయోనియమములను లోపలి కవరుపై అచ్చొత్తించిరి.

ఆ యేడే బొగ్గుగని కార్మికులు సమ్మెలోనుండి కటకటపడుచుండిరి. తమవంటివారు స్థాపించిన సహాయసంఘము పక్షమున ఈ బృందము డిసెంబరు 10న లండనులో కచేరి చేసి, దక్షిణ వేల్సు కార్మిక కుటుంబములకు ధనము గూర్చెను. ఆ మేలు మరువక కార్మికులు 1985లో స్వలింగప్రియుల ఊరేగింపున ముందు నడచిరి. పెక్కుమంది పోరాటఫలముగా సమ్మతివయస్సు 1994లో 18కిని, 2000 సంవత్సరపు చట్టముచే 16కును తగ్గెను.

మన దేశమునందును ఆంగ్లేయులు 1860లో వ్రాసిన 377వ సెక్షను ఇట్టివారిని నేరస్థులుగా నెంచెను. యుక్తవయస్కుల పరస్పరసమ్మతి గల పొందు నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

న్యాయస్థానము తీర్పు చెప్పగలదు గాని, బిడ్డను చేరదీయవలసినది తల్లిదండ్రులే. ఉత్తానపాదుడు తన తప్పు తెలిసికొని, మరలివచ్చిన ధ్రువుని కెదురేగి కౌగిలించుకొనెను. మన బిడ్డలలో నెవరైన ఇట్టి స్వభావము గలవారైనచో, అడవిదాక పోనిచ్చి పిదప వగచుటకంటె, ఇంటనే చెంత కూర్చుండబెట్టుకొని వారి మాట వినుట మేలు కాదా?